హాస్టల్‌లో ఉన్నాను

ఫిబ్రవరి 3, సోమవారం

మధ్యాహ్నం మూడింటికి లేడీస్ హాస్టల్ వార్డెన్ రామేశ్వరమ్మ ఫోన్ చేసింది. "శివలీలా, ఒకసారి రామ్మా. మీ యాప్‌తో ఒక పంచాయితీ వచ్చి పడింది" అంది. కాలేజీ యాప్ తయారు చేసింది నేనే. ఏదైనా ఇబ్బంది వస్తే అది 'మీ యాప్'. అంతా సవ్యంగా ఉన్నన్నాళ్లూ 'మన యాప్'.

వెళ్లేసరికి వరండాలో ఒక రేకు పెట్టె, చుట్టిన పరుపు, బకెట్లో సర్దిన పుస్తకాలు. పెట్టె మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. పేరు హంపమ్మ, బి.ఏ. రెండో సంవత్సరం, ఊరు కోసిగి. పుట్టుకతోనే చూపు లేదు. పొద్దున క్లాసుకు వెళ్లి, తిరిగొచ్చి తన మంచం మీద కూర్చోబోతే ఎవరివో కాళ్లు తగిలాయట. ఆ మంచాన్ని ఉదయమే వేరే అమ్మాయికి ఇచ్చేశారు. యాప్ జాబితాలో అది 'ఖాళీ' అని ఉంది.

హాస్టల్ పిల్లలు రోజూ సాయంత్రం యాప్ తెరిచి 'హాస్టల్‌లో ఉన్నాను' అని నమోదు చేయాలి. వరుసగా పదిహేను రోజులు చేయకపోతే ఆ మనిషి వెళ్లిపోయినట్టే. ఈ రూలు ఎవరు పెట్టారో నాకు సరిగ్గా గుర్తు లేదు. మీటింగులో అందరం అనుకున్నదే.

"దినామూ ఈడనే పండుకుంటి కదా మేడమ్" అంది హంపమ్మ. వార్డెన్‌తో అంది, నాతో కాదు.

"రెండు వందల మంది పిల్లోళ్లు. రిజిస్టరు తీసేసినాక నేను ఆ జాబితానే చూస్తాండా" అంది రామేశ్వరమ్మ నాకు చెబుతున్నట్టు. "ఇప్పుడు ఒక్క మంచం గూడా లేదు. వచ్చిన పిల్లను లేపి పంపలేను గదా."

హంపమ్మ అమ్మా నాన్నా మిరప కోతకు గుంటూరు వైపు వెళ్లారు. కోసిగిలో ఇంటికి తాళం.

క్యాంపస్ వెనకే నా అద్దె గది. రెండు మూడు రోజులు నా దగ్గర ఉంటుందిలెండి అన్నాను. రామేశ్వరమ్మ నా చేతులు పట్టుకుని, ఎంత మంచిదానివమ్మా అంది.

ఫిబ్రవరి 4

హంపమ్మ గురక పెడుతుంది. చెబితే, "నీవూ పెడ్తావక్కా" అంది.

ఫిబ్రవరి 5, బుధవారం

ఈరోజు ఆమె ఫోన్ వాడుతుంటే పక్కన కూర్చుని చూశాను. తెర మీద వేలు జరుపుతూ పోతే వేలి కింద ఏముందో ఫోన్ చదివి చెబుతుంది. ఆ చదవడం ఎంత వేగమంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నెమ్మదిగా పెట్టమన్నాను.

"ఇంత నిదానంగా ఇంటే నాకు నిద్ర వస్తాదక్కా" అంది కానీ, పెట్టింది.

రైలు టికెట్ల యాప్ చదివింది. వార్తల యాప్ చదివింది. తర్వాత మాది తెరిచింది.

"బటన్. బటన్. బొమ్మ. పేరు లేని బటన్."

"ఇదేమక్కా?"

"క్లబ్బులు."

"ఇదో?"

"నోటీసులు."

"ఓహో, నోటీసులు ఈడ ఉండాయా!" అని నవ్వింది. యాప్ మొదలైన జూన్ నుంచి ఎనిమిది నెలలు. ఎన్ని పోటీలు, ఎన్ని సభలు, ఎన్ని పరీక్షల తేదీలు ఆ బటన్ వెనక ఉండిపోయాయో ఇద్దరమూ అడగలేదు.

హాస్టల్ పేజీ ఇంకా అన్యాయం. ఆరంకెలు ఒక బొమ్మలా వస్తాయి. చూసి ముప్పై సెకన్లలో కొట్టాలి. దాటితే అంకెలు మారిపోతాయి. ఒకరి బదులు ఒకరు నమోదు చేయకుండా డిసెంబరు చివర పెట్టిన ఏర్పాటు ఇది. బొమ్మలో ఉన్న అంకెలను ఫోన్ చదవలేదు. పక్క మంచం అమ్మాయి నిస్సీ రోజూ చదివిపెట్టేదట. జనవరిలో ఆమెకు కామెర్లొచ్చి ఇంటికి వెళ్లింది. అక్కడి నుంచి పదిహేను రోజులు.

అంటే వేరొకరు చేయకూడదని పెట్టిన దాన్ని ఇన్నాళ్లూ వేరొకరే చేసిపెట్టారు.

"వార్డెన్‌కు చెప్పి ఉండాల్సింది కదా" అన్నాను.

"చెప్తి. యాప్‌లో చెప్పమనిరి."

ఫిబ్రవరి 6

కళ్లు మూసుకుని మా యాప్ వాడబోయాను. నాలుగు నిమిషాల్లో మూడుసార్లు కళ్లు తెరిచాను. పనులు చాలా ఉన్నాయి, తర్వాత రాస్తాను.

ఫిబ్రవరి 8, శనివారం

ఎమ్మిగనూరు నుంచి నాన్న ఫోన్. మగ్గాల వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చినా నా యాప్ గురించి చెబుతాడట. "నిన్న కాశన్న అడిగినాడు మ్మా, అంత పెద్ద కాలేజీకి నీ కూతురొక్కతే చేసిందా అని. ఒక్కతేరా అంటి" అన్నాడు. ఇంట్లో ఎవరో వచ్చారా, మాటలు వినిపిస్తున్నాయి అన్నాడు. స్నేహితురాలు అని చెప్పాను. అబద్ధం కాదు.

ఫిబ్రవరి 10, సోమవారం

మా కంప్యూటర్ సెంటర్ పెద్ద దావీదురాజు సార్‌తో మాట్లాడాను. నాకు ఉద్యోగం ఇచ్చిన మనిషి. కాంట్రాక్టు మార్చిలో పొడిగించాల్సింది కూడా ఆయనే.

యాప్ చూపులేని పిల్లలకు పనిచేయడం లేదు సార్, బటన్లకు పేర్లు పెట్టాలి, ఆ అంకెల బొమ్మ తీసేయాలి అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. తర్వాత అన్నారు: "నిజమేనమ్మా. కాదనను. మార్చి ఒకటిన తనిఖీ కమిటీ వస్తాంది. మనం చూపించేదే ఆ అంకెల ఏర్పాటు. ఈ మూడు వారాలు కదిలించొద్దు. అయినాక నువ్వెట్లంటే అట్ల."

ఒక అమ్మాయి కోసం అంత పెద్ద మార్పు ఇప్పుడెలా చేస్తాం? సార్ చెప్పింది నిజమే. హంపమ్మకు నేనున్నాను కదా, రోజూ అంకెలు చదివిపెడతాను.

ఫిబ్రవరి 11

సార్ చెప్పింది నిజమే.

ఫిబ్రవరి 13, గురువారం

రెండు మూడు రోజులన్నది పదిరోజులైంది. మంచం ఇంకా దొరకలేదు. గది అలవాటైపోయింది ఆమెకు. నేను వస్తువులు ఎక్కడపడితే అక్కడ పెడతానని రోజూ గొడవ. "గ్లాసు నిన్న ఆడ పెట్టి ఈ పొద్దు ఈడ పెడితే నేను యాడని ఎతకాల? నీ సంసారం ఎట్ల చేస్తావో ఏమో!" అంటుంది. పందొమ్మిదేళ్లది, నాకంటే ఏడేళ్లు చిన్నది.

సాయంత్రం జొన్నరొట్టెలు చేద్దామంది. తట్టింది ఆమె, కాల్చింది నేను. మూడు మాడ్చాను. "వాసన వస్తాంది, తిప్పు, తిప్పక్కా!" అని అరుస్తూనే ఉంది. మాడినవే శనక్కాయల పొడితో తిన్నాం. తింటుండగా వాళ్లమ్మ ఫోన్ చేసింది. మిరప తోటలో గుడిసెలో ఉన్నారు, మాటలు తెగిపోతున్నాయి. బాగుండా, మంచం బాగుండాది, ఫ్యాను తిరుగుతాది, నిస్సీ పక్కనే ఉండాది అని చెప్పింది హంపమ్మ.

ఫోన్ పెట్టేశాక అడిగాను, ఎందుకలా చెప్పావని.

"మంచం పాయనంటే మాయమ్మ తక్షణం వచ్చేస్తాది. వచ్చి నన్ను ఆ గుడిసెకే పిల్సుకపోతాది. కండ్లు లేని పిల్లకు సదువు యాలా అని మా ఊర్లో ఇప్పటికే అంటాండారు. వాళ్ల మాట గెలుస్తాది."

ఆ తర్వాత నాకు రొట్టె దిగలేదు. మాడింది కాబట్టి.

ఫిబ్రవరి 15, శనివారం

హంపమ్మ లాంటి వాళ్లు ఇంకా ఉన్నారేమోనని ఈరోజు 'ఖాళీ' జాబితా మొత్తం తీశాను. ఐదు పేర్లు. ఇద్దరు నిజంగా చదువు మానేశారు. ఒకడు బయట గది తీసుకున్నాడు. ఒకరు హంపమ్మ.

ఐదో పేరు నాగార్జున. బి.కాం. చివరి సంవత్సరం, ఊరు కమలాపురం. ఎవరు ఎప్పుడు యాప్ తెరిచారో లోపల నమోదవుతుంది. అతను రోజూ సాయంత్రం తెరిచాడు. ఒక్కో సాయంత్రం పది, పన్నెండు సార్లు అంకెలు కొట్టడానికి ప్రయత్నించాడు. ప్రతిసారీ 'సమయం ముగిసింది'. జనవరి పదకొండు తర్వాత ఏమీ లేదు.

చేరినప్పటి దరఖాస్తు వెతికాను. చేతులు వణుకుతాయి, స్వాధీనంలో ఉండవు అని డాక్టరు రాసిచ్చిన కాగితం అందులోనే ఉంది. ఈ కాగితాలన్నీ నా కంప్యూటర్లోనే ఉన్నాయి. జూన్‌లోనూ ఉన్నాయి.

ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

తెల్లవారి మొదటి బస్సుకు కడప వెళ్లి, అక్కడి నుంచి కమలాపురం. ఎందుకు వెళ్తున్నానో హంపమ్మకు చెప్పలేదు. పనుందన్నాను.

అడిగితే ఇల్లు చూపించారు. వాకిట్లో ఒకామె శనగ కట్టె కుప్ప వేస్తోంది. నాగార్జున వాళ్లమ్మ, రామలక్ష్మమ్మ.

"కాలేజీ నుంచి వచ్చానమ్మా" అన్నాను.

"కాలేజీ నుంచా? సెలవులని చెప్పినాడే మావోడు! నెల దాటె వచ్చి. అయిపోయినాయా పాపా సెలవులు?"

ఆమె వెనక గడపలో ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా. చేతులు రెండూ చంకల్లో బిగించుకున్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దని.

అయిపోయాయమ్మా, రేపు పంపించండి. నాలుక చివరి దాకా వచ్చింది. అలా అని ఉంటే అందరం నవ్వుకుంటూ కాఫీ తాగేవాళ్లం.

"సెలవులు లేవమ్మా" అన్నాను. "హాస్టల్లో మంచం తీసేశారు. అతని తప్పు ఏమీ లేదు. రోజూ ముప్పై సెకన్లలో ఆరంకెలు కొట్టాలని రూలు పెట్టారు. అతని చేతులకు అది కుదరలేదు. ఆ రూలు పెట్టింది నేను. పదిహేను రోజులు కనబడకపోతే మంచం తీసేయాలన్నదీ నేనే."

ఇక్కడ రాస్తున్నాను. మీటింగులో అందరం అనుకోలేదు. నేనే రాసుకుని వెళ్లాను, నేనే చదివాను, వాళ్లు తలూపారు. బాగుందమ్మా అన్నారు. ఇంటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను కూడా.

రామలక్ష్మమ్మ చేతిలోని కట్టెను కుప్ప మీద పెట్టింది. కొడుకు వైపు తిరిగింది.

"నాతో యాల చెప్పలేదురా?"

అతనికి మాట కూడా నిదానం. ఒక్కొక్కటీ పేర్చినట్టు అన్నాడు. "చెప్తే... నువ్వు వస్తావు. వార్డెన్ కాళ్లు... పట్టుకుంటావు."

"పట్టుకోనా మరి?" అంది ఆమె. అని, కొంగుతో మొహం తుడుచుకుని, ఎండనపడి వచ్చినావు కూర్చోమ్మా అని చాప పరిచింది. సంగటి పెట్టింది. నేను తింటున్నంతసేపూ కుప్ప దగ్గర పని చేసుకుంటూనే ఉంది, ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. చారు కావాలా అని మాత్రం అక్కడి నుంచే రెండుసార్లు అడిగింది.

బస్సు దాకా నాగార్జున వచ్చాడు. ఆగే చోటు వచ్చాక అన్నాడు: "ఒకరోజు... ఐదంకెలు కొట్టినా మేడమ్."

తిరిగి వస్తావా అన్నాను.

"మళ్లీ ఇంకోటి... పెడ్తారు."

బస్సెక్కగానే ఏడవలేదు. మైదుకూరు దాటాక ఏడ్చాను.

ఫిబ్రవరి 17, సోమవారం

సాయంత్రం హంపమ్మ బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చున్నాను. నీ మంచం పోవడానికి కారణం నేనే, ఆ రూలు నాదే అని చెప్పాను.

"నాకు తెల్సక్కా."

"ఎవరు చెప్పారు?"

"నీ యాపే చెప్పింది. శానా కిందికి పోతే ఒక లైను ఉండాది. 'రూపకల్పన: శివలీల' అని. యాప్ మొత్తంలో సక్కగా సదివేది అదొక్కటే."

వరండాలో రామేశ్వరమ్మ నన్ను పేరు పెట్టి పిలిచినప్పుడే తెలిసిందట. మరి తెలిసీ నా గదికి ఎందుకొచ్చావన్నాను.

"యాడికి పోతా ఇంగ?" అంది. మడతపెట్టిన లంగాను మళ్లీ విప్పి మళ్లీ మడిచింది. "మొదట్లో దినామూ తిట్టుకుంటి నిన్ను. నీవు నిద్రపోతాంటే. అట్లే సూస్తాంటి. ఉగ్గానిలో ఉప్పెయ్యడం మర్సిపోతావు, తాళం మర్సిపోతావు, పొయ్యి మీద పాలు మర్సిపోతావు. సరే, నన్నూ అట్లే మర్సిపోయిందిలే అనుకుంటి."

నేను మర్చిపోలేదు హంపమ్మా. మర్చిపోవాలంటే ముందు తలచుకుని ఉండాలి కదా. ఈ మాట ఆమెతో అనలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

రిజిస్ట్రార్‌కు ఉత్తరం రాశాను. రెండు పేజీలు. ఎవరెవరికి ఏం జరిగింది, ఎందుకు జరిగింది. 'ఈ రూలును ప్రతిపాదించి, దరఖాస్తులు చూడకుండా అమలు చేసినది నేను' అని మొదటి వాక్యం. ఇద్దరికీ మంచాలు తిరిగి ఇవ్వాలని, యాప్ సరిచేసేదాకా రిజిస్టరు పెట్టాలని చివరి వాక్యం.

దావీదురాజు సార్ చేతిలో పెట్టాను. చదివి కళ్లద్దాలు తీశారు.

"కమిటీ ముందర ఇది బయటపడితే నీ రెన్యువల్ నా చేతుల్లో ఉండదమ్మా."

"తెలుసు సార్."

"ఇంకో పది రోజులు ఆగలేవా?"

"హాజరు చాలకపోతే నాగార్జునను పరీక్షకు రానివ్వరు సార్. పది రోజుల తర్వాత అతను వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే."

ఆయన లేచి కిటికీ దగ్గరికెళ్లారు. కోపం వచ్చిందనుకున్నాను. తిరిగొచ్చి నా సంతకం కింద తన సంతకం పెట్టారు. పైన ఒక ముక్క రాశారు: 'ఈ రూలుకు ఒప్పుకున్నది నేను.'

"ఫో, ఇచ్చిరా. నేను మనసు మార్చుకోకముందే" అన్నారు.

ఫిబ్రవరి 19

పిలుపు రాలేదు. పని మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 20

నూట పన్నెండు బటన్లు. ప్రతిదానికీ పేరు. హంపమ్మ వింటుంది, నేను రాస్తాను. 'సమర్పించు' అని పెడితే, "దేవునికా?" అంది. 'పంపు' అని మార్చాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

రిజిస్ట్రార్ పిలిచారు. సార్ కూడా వచ్చారు. మాటలు పడ్డాం, ఇద్దరం. నేను పడాల్సినవే. చివర ఆయన ఉత్తరం మీద రాశారు, ఇద్దరికీ మంచాలు ఇమ్మని, నాగార్జునకు పోయిన రోజుల హాజరు కలపమని. బయటికొచ్చాక సార్, "ఉగ్గాని తిందాం రా, ఆకలైతాంది" అన్నారు.

ఫిబ్రవరి 22

అంకెల బొమ్మ తీసేశాను. ముప్పై సెకన్లు తీసేశాను. పదిహేను రోజుల రూలు తీసేశాను. ఇకమీదట ఎవరైనా కనబడకపోతే వార్డెన్ గది దాకా వెళ్లి చూస్తారు.

కమలాపురానికి ఫోన్ చేశాను. రామలక్ష్మమ్మ ఎత్తింది. మంచం వచ్చిందని చెప్పాను. "వాన్నే అడగాల పాపా. నేను పొమ్మంటే పోయేటోడు కాదు" అంది. కొత్త యాప్ పంపిస్తాను, ఒకసారి చూడమనండి అన్నాను.

ఫిబ్రవరి 24

అతని నుంచి ఏమీ రాలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

రామేశ్వరమ్మ స్వయంగా వచ్చింది. కింది అంతస్తులో కిటికీ పక్క మంచం. హంపమ్మ రేకు పెట్టె ఒకవైపు వార్డెన్, ఒకవైపు నేను పట్టుకున్నాం. రేపు శివరాత్రి. శ్రీశైలం బస్సులతో రోడ్డంతా నిండిపోయి, దాటడానికి పావుగంట పట్టింది. హంపమ్మ నా మోచెయ్యి పట్టుకుని నిలబడి, బస్సుల్లో జనం చేసే శివనామం వింటూ, "పెట్టె దించక్కా, చేతులు పీకుతాయి" అంది.

మంచం నాలుగు మూలలూ తడిమి చూసుకుంది. పరుపు వేసింది. "ఇంగ పో" అంది నాతో. గడప దాటాక, "రేపు ఉపాసం కదా, ఎల్లుండి వస్తా. రొట్టెలు చెయ్యాల" అని అరిచింది.

గదికొచ్చాను. గ్లాసు దాని చోట పెట్టాను.

ఫిబ్రవరి 27

నాగార్జున ఫోన్ చేశాడు.

"యాప్‌లో... టైము లేదే మేడమ్."

"తీసేశాను."

"ఎవురన్నా... మోసం చేస్తే?"

"చేస్తే చేయనీ."

అవతల ఏదో గరగర వినబడింది. ఫోన్ పోయిందనుకున్నాను. నవ్వుతున్నాడు.

మార్చి 1

కమిటీ వచ్చి వెళ్లింది. అంకెల ఏర్పాటు ఏదని అడిగారట. తీసేశాం, తప్పయింది అన్నారట సార్. నన్ను లోపలికి పిలవలేదు.

మార్చి 3

కాంట్రాక్టు మూడు నెలలకు పొడిగించారు. ఎప్పుడూ ఏడాదికి ఇచ్చేవాళ్లు. నాన్నకు జరిగిందంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు. తర్వాత, "ఆ పిల్లకు కండ్లు లేవా మ్మా? ఉగాది కాలంలో ఒకసారి పిల్సుకురా" అన్నాడు. కాశన్నకు ఏం చెబుతాడో అడగలేదు.

మార్చి 5, బుధవారం

సాయంత్రం ఏడింటికి రామలక్ష్మమ్మ ఫోన్.

"మావోడు చేరినాడా పాపా? పొద్దున బస్సెక్కినాడు. ఫోన్ ఎత్తల్యా."

వస్తున్నాడని నాకు చెప్పనే లేదు. యాప్ తెరిచాను. నాగార్జున, ఆరూ నలభై, 'హాస్టల్‌లో ఉన్నాను'. చేరాడమ్మా అని చెప్పబోయి ఆగాను.

"పెట్టేయొద్దమ్మా, లైన్లో ఉండు" అని చెప్పులు వేసుకుని బయలుదేరాను. మగపిల్లల హాస్టల్ గేటు దాకా పది నిమిషాలు. దారంతా ఆమె శనగల గురించి చెబుతూనే ఉంది, ఈసారి కాపు పలచన అని, ఉన్నవి గట్టి గింజలని. భయంతో మాట్లాడుతోందని అర్థమైంది. నేను ఊఁ కొడుతూ నడిచాను.

వాచ్‌మన్ పిలుచుకొచ్చాడు. ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు నాగార్జున. స్నానం చేశాడేమో, జుట్టు తడిగా ఉంది. ఫోన్ అతని చెవి దగ్గర పట్టుకున్నాను.

"చేరినా... మా" అన్నాడు.

అవతల ఆమె ఏదేదో అంటోంది. అతను కళ్లు మూసుకుని వింటున్నాడు. "ఇంగా తినలేదు" అన్నాడు. తర్వాత కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"మేడమ్, మా అమ్మ... నువ్వు తిన్యావా అని... అడగమంటాంది."

"ఇంకా లేదని చెప్పు" అన్నాను.

చెప్పాడు. నిదానంగా, ఒక్కో మాటా. అతని మాట పూర్తయ్యేదాకా ఆమె, నేనూ ఆగాం.